తలుపు మూసుకున్న సభ: వెనిస్‌లో ఐదు వందల ఏళ్ల కులీన పాలన

ఒకప్పుడు సొంత రాజ్యంగా ఉన్న ఇటలీ నగరం వెనిస్‌లో డోజ్, అంటే ఎన్నికతో వచ్చే రాజ్యాధిపతి, కన్నుమూస్తే, కొత్త డోజ్ ఎన్నిక ఒక పిల్లవాడితో మొదలయ్యేది. సలహాదారుల్లో వయసులో చిన్నవాడు ఊరి రక్షక సాధువైన సెయింట్ మార్క్ చర్చికి వెళ్లి ప్రార్థన చేసుకుని, బయటికి రాగానే కంటపడిన మొదటి కుర్రాణ్ని చెయ్యి పట్టుకుని భవనంలోకి తీసుకొచ్చేవాడు. ఆ కుర్రాడి పని ఒక్కటే. పాత్రలో చెయ్యి పెట్టి బంతులు తీసి, వరసగా వచ్చే మహాసభ సభ్యుల, అంటే రాజ్యాన్ని ఏలే కులీనుల, చేతుల్లో పెట్టడం. బంగారు పూత బంతి వచ్చినవాడు ముందుకు వెళ్తాడు, మామూలు బంతి వచ్చినవాడు ఇంటికి వెళ్తాడు. ఫలానా వంశంలో పుట్టాడని రుజువు లేకుండా ఎవరూ అడుగుపెట్టలేని ఆ సభలో, ఏ వంశమో ఎవరూ అడగనిది ఆ కుర్రాణ్ని ఒక్కణ్నే.

ఆ లాటరీలో మొదట 30 మంది వస్తారు. వాళ్లలోంచి మళ్లీ లాటరీ వేసి 9 మందిని మిగులుస్తారు. ఆ 9 మంది ఓటు వేసి 40 మందిని ఎన్నుకుంటారు. ఆ 40 మంది లాటరీలో 12కి తగ్గుతారు. ఆ 12 మంది 25 మందిని ఎన్నుకుంటే, వాళ్లు లాటరీలో 9 అవుతారు. ఆ 9 మంది 45 మందిని ఎన్నుకుంటే, వాళ్లు లాటరీలో 11 అవుతారు. ఆ 11 మంది ఎన్నుకున్న 41 మంది చివరికి గది తలుపులు వేసుకుని కూర్చుని డోజ్‌ను ఎన్నుకుంటారు. గెలవాలంటే కనీసం 25 ఓట్లు రావాలి. 1268లో ఏర్పాటైన ఈ పద్ధతి రాజ్యం కూలేదాకా, అంటే 1797 దాకా నడిచింది. ఆ చిన్న బంతిని వాళ్లు ‘బాలొట్టా’ అనేవాళ్లు. మనం ఇవాళ వాడే ‘బ్యాలెట్’ పుట్టింది ఆ మాటలోంచే.

ఇంత చుట్టు తిప్పుడు ఎందుకంటే, భయం. ఏ కుటుంబమూ ముందే లెక్కలు వేసుకుని తన మనిషిని పీఠం మీద కూర్చోబెట్టకూడదు. ఎవరి ఓటు ఎవరికి పడుతుందో, అసలు ఓటు వేసేది ఎవరో కూడా ముందుగా తెలియకూడదు. ఈ భయం అర్థమైతే కులీన పాలన సగం అర్థమైనట్టే. బయటివాళ్లను అడ్డుకోవడం అందులో ఒక పని. తమలో ఎవడూ రాజు కాకుండా చూసుకోవడం అంతకన్నా పెద్ద పని.

అరిస్టోక్రసీ అన్న గ్రీకు మాటకు అసలు అర్థం ఉత్తముల పాలన. తెలుగులో కులీన పాలన అంటున్నాం. తెలుగు మాటలో ‘కులం’ ఉంది, గ్రీకు మాటలో అది లేదు. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే ఈ పాలన చరిత్ర. అరిస్టాటిల్ లెక్క ప్రకారం అందరి మేలు కోసం ఏలే కొద్దిమందిది అరిస్టోక్రసీ, తమ సొంత లాభం కోసం ఏలే సంపన్నులదైతే అది చెడిపోయిన రూపం, ఆలిగార్కీ. కాగితం మీద ఈ గీత స్పష్టంగానే ఉంటుంది. ఏ కొద్దిమందైనా తాము ఉత్తములమనే చెప్పుకుంటారు కాబట్టి, వాస్తవంలో ఆ గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

మన దగ్గర జమీందార్లు, దొరలు, జాగీర్దార్లు ఉండేవాళ్లు కాబట్టి కులీన పాలన మనకు తెలిసిందేననిపించవచ్చు. అది వేరు, ఇది వేరు. జమీందారు తలపైన రాజో, నిజామో, కంపెనీనో ఉండేది. ఆ పైవాడు ఇచ్చిన సనదు మీదే అతని పెత్తనం నిలబడింది. అందుకే 1948లో మద్రాసు శాసనసభ చట్టంతో జమీందారీలు, 1949లో హైదరాబాద్ రాష్ట్రంలో ఒక ఉత్తర్వుతో జాగీర్లు పోయాయి. కులీన పాలనలో తలపైన ఎవరూ ఉండరు. ఆ వర్గమే ప్రభుత్వం. మన పాత చరిత్రలో దీనికి దగ్గరగా కనిపించేది వైశాలి లిచ్ఛవుల గణం. అక్కడ 7,707 మంది ‘రాజులు’ ఉండేవారని జాతక కథ చెబుతుంది. కానీ లిచ్ఛవుల సభ ఎలా నడిచిందో చెప్పే దస్తావేజులు మిగల్లేదు. వెనిస్‌వి గుట్టలుగా మిగిలాయి. కులీన పాలన లోపలి యంత్రాన్ని విప్పి చూడాలంటే అంతకు మించిన చోటు లేదు.

వెనిస్ కులీనులు మొదట భూస్వాములు కారు. ఉప్పునీటి కయ్యలో దీవుల మీద కట్టుకున్న ఊరికి పొలాలెక్కడివి? ఉన్నది సముద్రం, వ్యాపారం. అక్కడ ‘కొలెగాంజా’ అనే ఒప్పందం నడిచేది. సొమ్ము ఒకరిది, సాహసం ఇంకొకరిది. ఇంట్లో కూర్చున్న ముసలి వ్యాపారి పెట్టుబడి పెడతాడు. చేతిలో చిల్లిగవ్వ లేని కుర్రాడు సరుకు తీసుకుని కాన్‌స్టాంటినోపుల్‌కో అలెగ్జాండ్రియాకో ఓడెక్కుతాడు. బతికి తిరిగొస్తే లాభంలో నాలుగో వంతు అతనిది. రెండు మూడు ప్రయాణాలు కలిసొస్తే అతనే పెట్టుబడిదారు. 1172లో డోజ్ హత్యకు గురయ్యాక ఏర్పడిన మహాసభలోకి, తర్వాతి వందేళ్లలో ఇలా పైకొచ్చిన కొత్త ముఖాలు వస్తూనే ఉన్నాయి. ఉత్తముల పాలన అన్న మాటకు వెనిస్ ఎప్పుడైనా దగ్గరగా వచ్చిందంటే ఆ వందేళ్లలోనే. పుట్టుక కాకుండా ప్రయాణం మనిషిని సభ దాకా తీసుకెళ్లిన కాలమది.

అలాంటి ప్రయాణాలు చేసిన ఇంటివాడే మార్కో పోలో. కాకతీయుల రేవు మోటుపల్లిని ‘ముత్ఫిలి’గా పిలిచి, అక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని అతను చెప్పింది రుద్రమదేవి గురించేనని చరిత్రకారులు అంటారు. 1295లో అతను వెనిస్‌కు తిరిగొచ్చాడు. ఆ తర్వాత రెండేళ్లకే అతని ఊరి సభ తలుపు వేసుకుంది.

1297లో డోజ్ పియెత్రో గ్రాదెనీగో హయాంలో జరిగిన ఆ మార్పును ‘సెర్రాటా’ అంటారు, అంటే మూసివేత. గడచిన నాలుగేళ్లలో మహాసభలో కూర్చున్నవాళ్లు, నలభై మంది న్యాయమండలిలో 12 ఓట్లు తెచ్చుకుంటే చాలు, మళ్లీ సభ్యులవుతారు. కొత్తవాళ్లు రావాలంటే ఎవరైనా పేరు ప్రతిపాదించాలి, దానికి వేరే గడప దాటాలి. ఏటేటా ఆ గడప ఎత్తు పెరిగింది. ఇక్కడొక విచిత్రం ఉంది. మూసివేత అన్న పేరే గానీ, ఆ తర్వాత సభ చిక్కిపోలేదు. పదిహేనేళ్లు తిరక్కుండానే సభ్యుల సంఖ్య వెయ్యి దాటింది. నిలకడగా గెలుస్తున్న కుటుంబాలన్నింటినీ లోపలికి తెచ్చి కూర్చోబెట్టి, ఆ తర్వాతే గడియ పెట్టారు. బయట మిగిలిపోయి తిరగబడగల బలవంతుడు లేకుండా చేశారన్నమాట. తెలివైన పని. ఐదు వందల ఏళ్ల నిలకడకు పునాది ఇదే, ఆ తర్వాతి పతనానికి విత్తనమూ ఇదే.

అయినా తిరుగుబాటు రాకపోలేదు. 1310 జూన్‌లో బయమోంతే తియేపోలో అనే గొప్పింటివాడు మనుషుల్ని వెంటేసుకుని సెయింట్ మార్క్ చౌక్ మీదకు వచ్చాడు. ఇరుకు సందులో వస్తుండగా పై అంతస్తు కిటికీలోంచి ఒక ముసలావిడ రాతి రోలు జారవిడిచింది. అది జెండా పట్టుకున్నవాడి నెత్తిన పడి వాడు అక్కడే చచ్చిపోయాడు, మూక చెదిరిపోయింది. బహుమానం ఏం కావాలో కోరుకోమంటే ఆమె అడిగినవి రెండు. పండగ రోజుల్లో తన కిటికీలోంచి సెయింట్ మార్క్ జెండా ఎగరేసుకోనివ్వాలి, ఇంటి అద్దె ఎప్పటికీ పెంచకూడదు. రెండూ ఇచ్చారు. ఆ కథను వెనిస్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాలనలో పిసరంత వాటా లేని ఒక సామాన్యురాలికి తిరుగుబాటుదారుకన్నా పాత సభే నమ్మకంగా ఎందుకు కనిపించిందన్నది ఆలోచించాల్సిన విషయం.

ఆ కుట్ర మీద విచారణ కోసం తాత్కాలికంగా పెట్టిన పదిమంది మండలి తర్వాత శాశ్వతమైంది. రహస్య విచారణలు, సింహం నోటి ఆకారంలో గోడకు చెక్కిన ఫిర్యాదు పెట్టెలు, రాత్రికి రాత్రి అరెస్టులు అన్నీ ఈ మండలి పేరుతోనే ముడిపడ్డాయి. అందులో సభ్యుడి పదవి ఒక ఏడాదే, వెంటనే మళ్లీ ఎన్నిక కావడానికి వీల్లేదు. మండలికి ముగ్గురు పెద్దలు, వాళ్లు నెలనెలా మారిపోతారు. వెనిస్‌లో చాలా పదవుల తీరు ఇదే. ఆర్నెల్లు, ఏడాది, పదహారు నెలలు ఉంటాయి, ఆ తర్వాత కొంతకాలం పక్కన కూర్చోవాల్సిందే. ఎన్నికైన పదవి వద్దంటే జరిమానా. ఆదివారాలు మహాసభ కూడి వందలాది పదవులకు ఓట్లు వేసేది. ఓటు బంతుల్ని గుడ్డతో చేశారు. పెట్టెలో పడేటప్పుడు చప్పుడైతే, ఎటు వేశాడో పక్కవాడు పసిగడతాడని! సభ్యుడి మీద సభ్యుడికి నమ్మకం లేకపోవడాన్నే రాజ్యాంగంగా మలిచిన ఊరు అది.

డోజ్ పరిస్థితి మరీ కట్టుదిట్టం. బంగారు జరీ అంగీ, కొమ్ములాంటి టోపీ, జీవితాంతం పదవి ఉంటాయి. కానీ విదేశీ రాజు రాసిన ఉత్తరాన్ని సలహాదారులు లేకుండా విప్పకూడదు, రాయబారిని ఒంటరిగా కలవకూడదు, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. పదవి చేపట్టేముందు ఇలాంటి షరతుల చిట్టా చదివి ప్రమాణం చేయాలి. ప్రతి డోజ్ పోగానే, పాతవాడు ఎక్కడ సందు వెతుక్కున్నాడో చూసి ఆ చిట్టాకు కొత్త షరతులు కలిపేవాళ్లు. 1501 నుంచి చచ్చిపోయిన డోజ్ మీద కూడా విచారణ మొదలైంది. ముగ్గురు విచారణాధికారులు అతని లెక్కలు తిరగేసి, తప్పు తేలితే వారసుల దగ్గర వసూలు చేసేవాళ్లు. 1521లో పోయిన లియొనార్దో లొరెదాన్ లాంటి పేరున్న డోజ్ వారసులే జరిమానా కట్టాల్సి వచ్చింది.

మహాసభ హాల్లో గోడ పైభాగాన వరసగా డోజ్‌ల చిత్రపటాలుంటాయి. ఒక చోట ముఖం ఉండదు, నల్ల ముసుగు గీసి ఉంటుంది. దాని మీద లాటిన్‌లో, నేరాలకు శిరచ్ఛేదం పొందిన మరీనో ఫలియెరో స్థానం ఇది అని రాసి ఉంటుంది. డోజ్‌గా ఉంటూనే తోటి కులీనుల్ని పడగొట్టి రాజు కావాలని కుట్ర పన్నాడని 1355 ఏప్రిల్‌లో అతని తల తీయించారు. అతని పేరును తుడిచేయడం వాళ్ల ఉద్దేశమైతే ఆ చోటు వదిలిపెట్టాల్సిన పని లేదు, పక్క పటం జరిపితే సరిపోయేది. ఆ హాల్లో కూర్చునే ప్రతివాడూ తలెత్తినప్పుడల్లా ఆ నల్లటి చోటు కనబడాలి. అందుకే ఉంచారు.

తప్పు చేస్తే ఒప్పుకున్న సందర్భమూ ఉంది. ఆంతోనియో ఫోస్కరీని అనే సెనేటర్, అంటే మహాసభ కింద ఉండే చిన్న సభ సెనేట్‌లో సభ్యుడు, విదేశీయులకు రహస్యాలు అమ్మాడని 1622లో గొంతు నులిమి చంపించారు. కొన్ని నెలలకే అది అబద్ధపు సాక్ష్యమని తేలింది. 1623 జనవరిలో అతను నిర్దోషి అని పదిమంది మండలి బహిరంగంగా ప్రకటించింది. ప్రాణం తిరిగి రాదు, నిజమే. కానీ ఆ కాలపు రాజులెవరైనా ఇలా లిఖితపూర్వకంగా తప్పు ఒప్పుకున్నారా అని వెతికితే కష్టమే. కొద్దిమంది పాలనలో ఉన్న మంచి ఇదే. ఆ కొద్దిమంది ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకున్నంతకాలం ఏ ఒక్కడి పిచ్చీ రాజ్యం మొత్తాన్ని ముంచదు.

మరి బయట ఉన్న జనం ఎందుకు ఊరుకున్నారు? 16వ శతాబ్దం మొదటి సగంలో మహాసభలో కూర్చోగల మగవాళ్లు సుమారు 2,500 మంది. కుటుంబాలన్నీ కలిపినా ఊరి జనాభాలో నాలుగైదు శాతం. మిగతావాళ్లలో కాస్త చదువూ డబ్బూ ఉన్న ‘పౌరుల’ వర్గానికి ప్రభుత్వ కార్యదర్శుల కొలువులు కేటాయించారు. ఆ కొలువుల్లో పెద్దదైన మహా కార్యదర్శి పదవి జీవితాంతం ఉండేది. పైనున్న కులీనుడు ఆర్నెల్లకు మారిపోతుంటే, ఫైలు మాత్రం ఈ పౌరుడి చేతిలోనే ఉండేది. పేదలకు సాయం చేసే పెద్ద ధర్మసంఘాల పెత్తనం కూడా వీళ్లదే. ఓడల కార్ఖానా ఆర్సెనాల్ పనివాళ్లకు నికరమైన కూలి, డోజ్‌కు కాపలా కాసే గౌరవం ఉండేవి. కరువొస్తే ప్రభుత్వ గిడ్డంగుల్లోంచి ధాన్యం వచ్చేది. కులీనులు కూడా వీధిలో ఒకే రకం నల్ల అంగీతో తిరగాలి. గొండోలా పడవల మీద ఆడంబరం మితిమీరుతోందని 16వ శతాబ్దంలో చట్టం తెచ్చారు. ఇప్పుడు యాత్రికులు ఫొటోలు తీసుకునే గొండోలాల నల్లరంగు ఆ చట్టాలు మిగిల్చిందే. ఆస్తిలో కొండంత తేడా ఉన్నా కళ్లకు కనబడకుండా చూసుకున్నారు. దీన్ని దయ అనలేం. లెక్క తెలిసిన పాలన అనాలి. అయినా ఆ ధాన్యం నిజంగానే జనం కడుపు నింపింది.

ఈ ఔదార్యం నగరం అంచు దగ్గరే ఆగిపోయింది. 1404, 1405లలో పాదువా, వెరోనా లాంటి పెద్ద నగరాలు వెనిస్ చేతికొచ్చాయి. అక్కడా పాత వంశాలున్నాయి, పండితులున్నారు, పాదువాలోనైతే విశ్వవిద్యాలయమే ఉంది. వాళ్లలో దాదాపు ఎవరికీ మహాసభలో చోటు దొరకలేదు. రాజ్యం ఎన్నో రెట్లు పెరిగింది, సభ తలుపు మాత్రం కయ్య దాటి ఒక్క అంగుళం తెరుచుకోలేదు. పన్నులు కట్టేది వాళ్లు, నిర్ణయం తీసుకునేది దీవుల మీద పుట్టినవాళ్లు. రోమ్ తాను గెలిచిన ఊళ్లవాళ్లకు పౌరసత్వం ఇస్తూ పెరిగింది. వెనిస్‌కు ఆ పని చేతకాలేదు, చేయాలనీ అనుకోలేదు.

లోపల కూడా కట్లు బిగుసుకున్నాయి. ప్రభుత్వం వేలం వేసే గాలీలనే పెద్ద తెడ్ల వ్యాపార ఓడల్ని పాడుకునే హక్కు కులీనులకే దక్కింది. చేతిలో సొమ్ము లేని కుర్రాడు పైకి రాగల నిచ్చెన అలా ఊడిపోయింది. 1506 నుంచి కులీనుల ఇంట మగబిడ్డ పుడితే రిజిస్టర్‌లో రాయించాలి, 1526 నుంచి పెళ్లిళ్లూ రాయించాలి. తల్లి ఎవరో, ఆమె పుట్టింటి స్థాయి ఏమిటో అధికారులు విచారించేవాళ్లు. ఆ జాబితాకే ‘బంగారు పుస్తకం’ అని పేరు. ప్రభుత్వంలో భాగం కావడానికి కావలసిన అర్హత మొత్తం ఒక జనన నమోదుకు కుదించుకుపోయింది.

దాని ఫలితం ఇళ్లలో కనిపించింది. ఆస్తి ముక్కలు కాకూడదని అన్నదమ్ముల్లో ఒక్కడే పెళ్లి చేసుకోవడం ఆచారమైంది. కట్నాలు ఆకాశాన్నంటాయి. ఒక కూతురికి కట్నమిచ్చి పెళ్లి చేసి, మిగతా కూతుళ్లను వాళ్లకు ఇష్టమున్నా లేకున్నా కాన్వెంట్లకు పంపేశారు. రక్తం స్వచ్ఛంగా ఉంచుకోవాలన్న ఆరాటం మూల్యమంతా ఆ ఆడపిల్లలు గోడల వెనుక చెల్లించారు. ఈ పాలన నిలకడను మెచ్చుకునేవాళ్లు ఈ లెక్క కలపడం తరచూ మరచిపోతారు. ఇక వంశాల సంగతి చూస్తే, పెళ్లి లేని అన్నదమ్ములున్న ఇళ్లు వారసుల్లేక అంతరించడం మొదలుపెట్టాయి. 1630-31 ప్లేగు ఊళ్లో దాదాపు మూడో వంతు జనాన్ని మింగింది. 2,500 దగ్గరున్న కులీనుల సంఖ్య చివరి రోజులకు వెయ్యికి కాస్త పైన నిలిచింది.

తలుపు తీయడం వాళ్లకు తెలియదని కాదు. 1381లో పోటీ రేవు నగరం జెనోవాతో చావోరేవో తేల్చుకున్న యుద్ధం ముగిశాక, ఆ యుద్ధానికి అండగా నిలిచిన 30 కుటుంబాల్ని కులీనుల్లో చేర్చుకున్నారు. సేవ చూసి చేర్చుకున్న సందర్భమది. రెండో సారి తలుపు తీసింది 1646లో, క్రీట్ దీవి కోసం టర్కీతో యుద్ధం ఖజానాను ఖాళీ చేస్తున్నప్పుడు. ఈసారి ధర పెట్టారు: లక్ష డకాట్లు (వెనిస్ నాణేలు). అందులో 60,000 విరాళం, 40,000 ప్రభుత్వానికి అప్పు. 1718 దాకా వందకు పైగా కుటుంబాలు అలా కొనుక్కుని లోపలికొచ్చాయి. క్రీట్ మాత్రం 1669లోనే చేజారింది. మొదట ప్రతిభ, ఆ తర్వాత పుట్టుక, ఆ తర్వాత ధర. ఉత్తముడంటే ఎవరన్న ప్రశ్నకు ఒకే సభ మూడు కాలాల్లో ఇచ్చిన మూడు జవాబులివి.

పుస్తకంలో పేరుండి జేబులో డబ్బు లేనివాళ్లు ఇంకో సమస్య. సెయింట్ బార్నబా పేటలో చవక ఇళ్లలో ఉండే ఈ పేద కులీనుల్ని ‘బర్నబోత్తీ’ అనేవాళ్లు. చట్టప్రకారం పట్టు అంగీ వేసుకోవాలి, చేతివృత్తులు చేయకూడదు, పొట్ట గడవాలి. చేతిలో అమ్ముకోదగ్గది ఒక్కటే, ఓటు. మహాసభలో వాళ్ల ఓట్లను కొన్నది, సెనేట్‌లో పదవులు పంచుకునే కొద్ది కుటుంబాలే. కాగితం మీద అందరూ సమానులే. 1780లో ఈ పేద కులీనుల తరఫున మార్పులు కోరిన జార్జో పిసానీని ప్రభుత్వ విచారణాధికారులు నిర్బంధించారు.

1743-44లో ఫ్రెంచి రాయబారి దగ్గర కార్యదర్శిగా వెనిస్‌లో పనిచేసిన తత్వవేత్త రూసో ఈ పాలనను దగ్గరనుంచి చూశాడు. తర్వాత అతను కులీన పాలనను మూడుగా విడదీశాడు: సహజమైనది, ఎన్నికైనది, వంశపారంపర్యమైనది. ఎన్నికైనది అన్నింటికన్నా మంచిదనీ, వంశపారంపర్యమైనది అన్ని ప్రభుత్వాల్లోకీ చెడ్డదనీ తేల్చాడు. ఆ విభజన సరైనదే. వెనిస్ అనుభవం దానికి ఒక సంగతి జత చేస్తుంది. ఆ మూడూ మూడు వేర్వేరు రాజ్యాలు కానక్కర్లేదు. ఒకే రాజ్యం, ఏ రోజు మారిందో ఎవరూ గుర్తించకుండానే, ఒకదాన్నుంచి ఇంకోదానికి జారిపోగలదు. 1297 నాటి సభ్యుల్లో ఎవరూ తాము ఎన్నికను చంపుతున్నామనుకోలేదు, తమకు అర్హత ఉందని ఊరికి తెలుసు కాబట్టి మళ్లీ మళ్లీ రుజువు చేయడం దండగనుకున్నారు.

చివరికి 1775లో మహాసభ ప్రధాన భూభాగంలోని సంపన్న వంశాల్లో 40 కుటుంబాలకు ఉచితంగా తలుపు తెరిచింది. మూడు వందల డెబ్భై ఏళ్లు బయట నిలబెట్టాక వచ్చిన పిలుపు అది. వచ్చింది పది కుటుంబాల దాకానే. అప్పటికి ఆ సభలో కూర్చోవడం ఎవరికీ గొప్పగా తోచలేదు.

1797 మే 12న నెపోలియన్ సైన్యం కయ్య ఒడ్డున ఉండగా మహాసభ ఆఖరిసారి కూడింది. కోరం 600, వచ్చింది 537. చివరి డోజ్ లుదొవీకో మానీన్ మాట్లాడుతుండగానే బయట తుపాకులు పేలాయి. అవి ఊరు వదిలి వెళ్తున్న, వెనిస్ ఏలుబడిలోని దల్మేషియా తీరం నుంచి వచ్చిన సైనికులు వీడ్కోలుగా పేల్చినవి. లోపలివాళ్లు తిరుగుబాటు వచ్చిందనుకుని హడావుడిగా ఓట్లు వేసి, తమ ప్రభుత్వాన్ని తామే రద్దు చేసుకుని, అంగీలు విప్పి పక్క దారుల్లో ఇళ్లకు పోయారు. ఆ చప్పుడుకు వీధుల్లోకి వచ్చినవాళ్లు మాత్రం ‘సెయింట్ మార్క్‌కు జై’ అని అరుస్తూ పాత జెండాలు ఎత్తారు. ఐదు వందల ఏళ్లుగా ఆ సభలో ఒక్క ఓటు లేని జాలర్లు, కూలీలు వాళ్లు.

జూన్ 4న చౌక్ మధ్యలో స్వేచ్ఛా వృక్షమని ఒక స్తంభం పాతి, దాని కింద డోజ్ చిహ్నాలతో పాటు బంగారు పుస్తకాన్నీ తగలబెట్టారు. కానీ పుట్టుకలూ పెళ్లిళ్లూ రాసిన అసలు రిజిస్టర్లు ఆ మంటలో పడలేదు. ఫ్రారీ చర్చి పక్కన పాత మఠంలోని ప్రభుత్వ పత్రాలయంలో అవి ఇప్పటికీ ఉన్నాయి. ఏ ఇంట్లో ఎందరు అన్నదమ్ములు పెళ్లి లేకుండా మిగిలారో, ఏ ఏడాది ఏ వంశం ఆగిపోయిందో చరిత్రకారులు లెక్క కడుతున్నది వాటిలోంచే.